నాలుగంకెల జాతకము

గుంటూరు

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనరు గారి సముఖమునకు,

ఆర్యా,

ముప్పదిరెండు సంవత్సరములు కళాశాలలో రసాయనశాస్త్రము బోధించి, ఇప్పుడు పెరటిలోని జామచెట్టునకు నీరు పోసికొనుట, పత్రికలు చదువుట తప్ప వేరు వ్యాసంగము లేక కాలము గడుపుచున్న నేను, తమవంటి అధికారికి, అదియు పత్రికాముఖమున, ఒక మోటారుసైకిలు టైరును గూర్చి లేఖ వ్రాయవలసివచ్చునని ఏనాడును అనుకొనలేదు. ఏటేట నల్లబల్లపై రబ్బరు అణువును గీసి, గంధకము దానితో ఎట్లు కలియునో విద్యార్థులకు వల్లె వేయించినవాడనయ్యును, ఆ రబ్బరు నా యింటి గోడ ప్రక్కనే పండ్రెండేండ్లు ముసలిదై, నెర్రెలు వాసి, ఒక పిల్లవాని ప్రాణమునకు ముప్పు తెచ్చువరకు దానిని గుర్తింపలేకపోయితిని. ఆ సిగ్గే ఈ లేఖకు మొదటి కారణము.

మా అబ్బాయి ఉద్యోగములో చేరిన క్రొత్తలో, 2012 జూన్ మాసమున, మోటారుసైకిలొకటి కొనెను. మూడేండ్లు దానిపై తిరిగి, 2015లో విదేశమునకు వెళ్లిపోయెను. బండి నాకు మిగిలెను. నాకు నడుపుట వచ్చునుగాని దానిమీద మక్కువ లేదు. వారమునకొకసారి స్టార్టు చేసి, పది నిమిషములు ఇంజను ఆడనిచ్చి, మెత్తని గుడ్డతో టాంకు తుడిచి, మరల తార్పాలు కప్పుచుంటిని. మీటరు తొమ్మిదివేల కిలోమీటర్లు దాటలేదు. ఇంటికి వచ్చినవారెవరైనను తార్పాలు తొలగించి చూచి, "షోరూములోంచి ఇప్పుడే తెచ్చినట్టుందండీ" అనుచుండిరి; నేను పొంగిపోవుచుంటిని.

2024 జూన్‌లో మా మేనల్లుడు నరసరావుపేటలో ఏదో పని యున్నదని ఆ బండి అడిగి తీసికొని వెళ్లెను. పేరేచర్ల దాటునప్పటికి తొలకరి చినుకులు మొదలయ్యెనట. రోడ్డు పూర్తిగా తడియక, దుమ్మును నూనెజిడ్డును కలిసి పలుచని పేస్టువలె పరచుకొను ఆ మొదటి పావుగంట యెంత ప్రమాదకరమో తమ శాఖవారికి నేను చెప్పనక్కరలేదు. గేదె యొకటి అడ్డము వచ్చెను. వాడు బ్రేకు వేసెను. వేగము నలుబది మించలేదని వాడు ప్రమాణము చేయును, వెనుక వచ్చుచుండిన ఆటో అతడును అదే చెప్పెను. ముందుచక్రము ఆగినది గాని బండి ఆగలేదు. కాలర్ బోను విరిగినది. హెల్మెట్టు ఉండబట్టి తల దక్కినది. గేదె మాత్రము ఏమియు ఎరుగనట్లు రోడ్డు దాటిపోయినదట.

ఇంట తలకొక కారణము చెప్పిరి. మా అక్కయ్య ఆ దినము బయలుదేరిన ఘడియను తిట్టెను; నేను గేదెను తిట్టితిని; వాడు పాపము తన చేతినే తిట్టుకొనెను. టైరును ఎవరమును అనుమానింపలేదు, ఏలయనగా టైరునకు బటన్, అనగా నేలను తాకు రబ్బరు బొడిపెల ఎత్తు, నిండుగా ఉన్నది.

మా వీథి చివర పంచరు దుకాణము పెట్టుకొన్న ఒక పెద్దమనిషి కలడు. వంగిన రిమ్ము సరిచేయించుటకై చక్రమును ఆయనవద్దకు పంపితిని. మరునాడు నన్ను కబురుపెట్టి పిలిపించి, ఊడదీసిన టైరును నా యెదుట రెండు చేతులతో పట్టి, బటన్ల నడుమ సందులు విచ్చుకొనునట్లు వెనుకకు వంచెను. వేసవిలో నల్లరేగడి చేను పగిలినట్లు, సందు సందునను సన్నని నెర్రెలు! పైకి నలుపు, నెర్రెల లోపల బూడిదరంగు. బొటనవ్రేలి గోరుతో గట్టిగా నొక్కెను, గుర్తు పడలేదు. గోడకు వ్రేలాడుచున్న క్రొత్త టైరును అదే గోరుతో నొక్కెను. నెలవంకవలె గంటు పడి, మెల్లమెల్లగా పూడిపోయెను. తరువాత ఆ పాతదానిని సిమెంటు నేలపై జారవిడిచెను. కొయ్య పడినట్లు చప్పుడయ్యెను.

"బటన్ జూసి మోసపోయారు మాస్టారూ. బటనుంటే ఏం లాభం, దాంట్లో పాణం ఉండొద్దూ? ఇది చచ్చిపోయి చానాళ్లయింది. మీరేమో దీన్ని రోజూ తుడిచి దాచిపెట్టారు" అనెను.

అంతటితో ఊరకొనక, టైరు ప్రక్కభాగముపై ఒక చిన్న కోడిగ్రుడ్డు ఆకారపు గీత లోపలనున్న నాలుగంకెలను వ్రేలితో చూపెను. కండ్లద్దములు సవరించుకొని చదివితిని: 1912. మా తండ్రిగారు జన్మించిన సంవత్సరమది! ఈ టైరునకు ఆయన వయస్సు ఉండదుగదా, ఇది ఏదో మోడలు సంఖ్య యని నేను తేల్చివేయబోవుచుండగా, ఆయన నవ్వి, "పందొమ్మిదో వారం, పన్నెండో సంవత్సరమండీ" అని చెప్పెను. అనగా 2012 మే మాసపు రెండవ వారము. 2000 సంవత్సరమునుండి టైర్లమీద తయారీకాలమును ఈ విధముననే, మొదటి రెండంకెలలో వారమును, తరువాతి రెండంకెలలో సంవత్సరమును, అచ్చొత్తుచున్నారు. అంతకు ముందు మూడంకెలే యుండెడివి; అప్పుడు చివరి అంకె ఎనిమిదైనచో అది 1988వదో 1998వదో చెప్పుట కష్టము. నాలుగంకెలు వచ్చి ఆ సందిగ్ధమును తీర్చినవి. కాని వారములతో కాలమును లెక్కించు అలవాటు మన కెన్నడున్నది? తిథి చెప్పుము, నెల చెప్పుము, కార్తె చెప్పుము, చెప్పగలము. "ముప్పదియేడవ వారము" అనిన, పంచాంగము చేతిలో నున్న సిద్ధాంతిగారైనను తడుముకొనవలసినదే. పైగా ఆ అంకెలు టైరునకు ఒక ప్రక్కనే ఉండుట కలదు. అవి లోపలివైపున సైలెన్సరు చాటునకు వచ్చినచో, నేలపై మోకరించి, సెల్‌ఫోను దీపము వేసి, బురదను గుడ్డతో తుడిచి చదువుకొనవలెను. నా వయస్సువాడు అట్లు మోకరించినచో తిరిగి లేచుటకు ఇంకొకరు కావలెను.

జాతకచక్రమును ఇంత భద్రముగా దాచిన వస్తువు మరొకటి లేదు. వంటగ్యాసు సిలిండరును చూడుడు. దాని పిడి దగ్గర ఏ, బీ, సీ, డీ అను అక్షరములలో ఒకటియు, ప్రక్కన సంవత్సరపు రెండంకెలును ఉండును; ఏ యనిన జనవరి మొదలు మార్చి వరకు, బీ యనిన జూన్ వరకు, ఈ విధముగ, ఆ కాలము దాటినచో సిలిండరును మరల పరీక్షకు పంపవలెను. ఆ సంకేతమును ఎందరో గృహిణులు నేర్చుకొని, గడువు దాటినదానిని గుమ్మముననే త్రిప్పి పంపుచున్నారు. రొట్టె పొట్లముమీద తేది చూడకుండ కొనువారు నేడు అరుదు. మనుష్యుని మోసికొని పరువెత్తు టైరు విషయమున మాత్రము మన దృష్టి బటన్ దాటి పోవుటలేదు.

ఇచ్చట రసాయనశాస్త్ర ప్రసంగము కొంత తప్పదు. అది నా పాత జబ్బు, తమరు మన్నింపవలెను. చెట్టుపాలనుండి వచ్చిన ముడిరబ్బరు వేసవిలో జిగటయై, చలికాలమున పెళుసై, ఎందుకును కొరగాక యుండగా, 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌యియర్ అనునాతడు గంధకముతో కలిపి వేడిచేసినచో అది నిలుకడ పొందునని కనుగొనెను. రబ్బరు అణువులు పొడవైన దారములవంటివి. గంధకము ఆ దారముల నడుమ అచ్చటచ్చట ముడులు వేయును. ముడులు మితముగ నున్నంతవరకు దారములు సాగును, మరల ముడుచుకొనును, రోడ్డుమీది గరుకులోనికి ఒదిగి పట్టుకొనును. ఆ ఒదుగుటనే మనము గ్రిప్పు అనుచున్నాము. కాని ముడులు వేయుట కర్మాగారముతో ముగిసిపోవు పని కాదు. వేడిమివలనను, గాలిలోని ఆక్సిజనువలనను క్రొత్త ముడులు పడుచునే యుండును. దారములు బిగిసి, రబ్బరు గట్టిపడును. ఇంకొకవైపునుండి ఓజోను వచ్చి, ఆ దారములలోని జంటబంధములను తెంపుచు, పైపొరలో నెర్రెలు పుట్టించును. బీరువాలో పాత ఉత్తరముల కట్టకు చుట్టిన రబ్బరుబ్యాండు, దానిని ఎవరును వాడకున్నను, పదేండ్లకు ముట్టుకొనిన తుంపులగుట చూడనివారెవరు? టైరు దానికి పెద్దన్న.

తయారుచేయువారు ఈ శత్రువులను ఎరుగనివారు కారు. మైనమును, ఓజోను నిరోధకములను రబ్బరులో కలిపియే పంపుదురు. టైరు తిరుగుచు, బరువునకు నలుగుచు నున్నప్పుడు అవి లోపలినుండి పైకి ఊరివచ్చి, పలుచని పూతవలె నిలిచి కాపాడును. తిరుగని టైరులో ఈ ఊట సన్నగిల్లును. వారము వారము ఇంజనును ఆడించితినేగాని చక్రమును తిరుగనీయని నా జాగ్రత్త ఎంత చక్కని జాగ్రత్తయో ఇప్పుడు తెలిసినది. ఇక వేడిమి సంగతి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినచో రసాయనచర్యల వేగము ఇంచుమించు రెట్టింపగునని నేనే తరగతిలో చెప్పుచుంటిని. రెంటచింతల ఎండలు దేశమంతట ప్రసిద్ధములు. మా గుంటూరు సీమలోనే మే మాసమున 45 డిగ్రీలు నీడలో చూచుచున్నాము. దక్షిణపు గోడ ప్రక్కన, నల్లని తార్పాలు క్రింద, ఆ నల్లని రబ్బరు ఎంత ఉడికియుండునో లెక్కవేయుటకు థర్మామీటరు కూడ అక్కరలేదు. ఐదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్ష చేయించవలెననియు, ఎంత బాగుగ కనబడినను తయారైన నాటినుండి పదేండ్లకు మార్చివేయవలెననియు ఫ్రాన్సుదేశపు మిషెలిన్ వంటి కంపెనీలే చెప్పుచున్నవి. మన ఎండలలో ఆ పదేండ్లు మరి కొంత దగ్గరపడునని నా అభిప్రాయము.

కారునకు ఒక టైరు పట్టు తప్పినను మూడు మిగిలియుండును. మోటారుసైకిలునకు ఉన్నవి రెండే. నేలను తాకుచున్న భాగము ఒక్కొక్కదానికి అరచేయి వెడల్పు కూడ లేదు. మలుపులో ఒరగినపుడు, తడిలో ముందు బ్రేకు వేసినపుడు, ఆ అరచేతి చోటే మనిషికిని రోడ్డునకును మిగిలిన చుట్టరికము.

ఇప్పుడు చట్టమును చూతము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 94వ నియమము టైర్లను గూర్చినది. తెగుళ్లు, ఉబ్బులు, బయటపడిన దారములు ఉండరాదనియు, బటన్ లోతు ద్విచక్ర, త్రిచక్ర వాహనములకు 0.8 మిల్లీమీటరునకును, తక్కిన వాహనములకు 1.6 మిల్లీమీటర్లకును తగ్గరాదనియు అందున్నది. వయస్సు మాట లేదు. నేను మా పాత ప్రయోగశాలనుండి వెర్నియరు తెప్పించుకొని ఆ చచ్చిన టైరును కొలిచితిని: నాలుగు మిల్లీమీటర్లు! చట్టము కోరినదానికి అయిదు రెట్లు. ఆ దినము పేరేచర్ల దగ్గర తమ మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు నిలిపి చూచియున్నచో, "బండి బాగా మెయింటేను చేస్తున్నారు" అని మెచ్చుకొని పంపియుండెడివాడు. ఆయన తప్పు కాదది. రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును గనుక 2027 వరకు ఆ బండిని తమ శాఖ చూడవలసిన అవసరమే లేదు. పొగ పరీక్ష చేయువాడు పొగగొట్టమును చూచి సర్టిఫికెట్టు ఇచ్చెను. ఇన్సూరెన్సువారు బండి ముఖమే చూడక, ఇంటినుండి డబ్బు కట్టగనే కాగితము పంపిరి. 2022లో కేంద్రప్రభుత్వము తడినేలపై పట్టు, దొర్లుటలో నిరోధము, శబ్దము అను మూడింటికి క్రొత్త ప్రమాణములు ప్రకటించినపుడు సంతోషించి చదివితిని. అవి కార్లు, బస్సులు, లారీల టైర్లకే గాని మోటారుసైకిళ్లకు కావు. అదే 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందు నూటికి 44.5 వంతు ద్విచక్రవాహనములపైనున్నవారు. ఈ లెక్కలు ప్రకటించిన నివేదికలో వాహనము వయస్సునకు పట్టిక కలదు. టైరు వయస్సునకు లేదు.

వయస్సును చట్టము పట్టించుకొనుట అసాధ్యమని అనుకొనరాదు. 2012 సెప్టెంబరులో ఇంగ్లండులోని సర్రే ప్రాంతమున, సంగీతోత్సవమునుండి తిరిగివచ్చుచుండిన ఒక బస్సు చెట్టునకు గుద్దుకొని ముగ్గురు మరణించిరి. విచారణలో తేలినదేమనగా, ముందు టైరు వయస్సు పందొమ్మిదేండ్లు దాటినది. మృతులలో ఒకనికి పద్దెనిమిదేండ్లు. ఆ టైరునకు బటన్ ఉన్నది, చట్టమును తృప్తిపరచినది. ఆ బాలుని తల్లి ఏండ్ల తరబడి తిరిగి, వ్రాసి, అడిగి, చివరకు 2021 ఫిబ్రవరి 1 నుండి పదేండ్లు దాటిన టైరును బస్సుల, లారీల ముందు ఇరుసులకు తగిలింపరాదను నియమమును సాధించెను. అక్కడను మోటారుసైకిలు ఆ నియమమునకు వెలుపలనే మిగిలినది.

అయినను నేను తమరిని అట్టి నిషేధమును కోరుటలేదు. ఎందుకో చెప్పెదను. రోజునకు వంద కిలోమీటర్లు తిరుగు డెలివరీ కుర్రవాని టైరు ముసలిదగుటకు ముందే అరిగిపోవును. వయస్సు వాని సమస్య కాదు. ముసలి టైరు ఉండునది నావంటి పింఛనుదారుని వరండాలో, పెండ్లయి వెళ్లిన ఆడపిల్ల వదలిన స్కూటరులో, "ఒకరి చేతి బండి, తక్కువ తిరిగినది" అని చెప్పి అమ్మిన సెకండ్‌హ్యాండు మోటారుసైకిలులో. జరిమానా పెట్టినచో కూడలిలో నిలిపినవానికి రసీదు పుస్తకములో ఒక పేజీ పెరుగునుగాని, నా తార్పాలు క్రింది బండిని ఎవరును తొలగించి చూడరు. చూడవలసినవాడను నేను, నాకు చదువ వచ్చునట్లు వ్రాయించుట తమవంటివారి పని.

టైరు మీది అచ్చు మార్చుట ఢిల్లీవారి చేతిలోనిది. ఆ నాలుగంకెల ప్రక్కన నెలయు, సంవత్సరమును సామాన్యాంకెలలో నుండవలెనని తమరు అచ్చటికి వ్రాయగలరు. బిల్లుమీద ఆ తేదీ వేయవలెనని మాత్రము ఇక్కడి వర్తకులకు తెలుపవచ్చును. నేను మొన్న క్రొత్త టైరు కొనబోయిన దుకాణమున మొదట నాకు ఇచ్చినది మూడేండ్ల క్రిందట తయారైనది. అడిగినందులకు, "కొత్తదేనండీ, చుట్టిన కాగితం కూడా విప్పలేదు" అని ఆ కుర్రవాడు నిజాయితీగనే ఆశ్చర్యపడెను. కాగితము విప్పనిది క్రొత్తదని వాని నమ్మకము. చీకటిలో చల్లగా నున్న టైరు ఎండలో నున్నదానికంటె మెల్లగా ముసలిదగునను మాట నిజమే గనుక వానితో వాదింపక, వెనుకనుండి వేరొకటి తీయించుకొని, బిల్లుమీద ఆ అంకెలు నా చేతితోనే వ్రాసికొంటిని. ఎల్.ఎల్.ఆర్. పరీక్షలో కూడలి గుర్తులను, వలయములోని బాణములను అడుగుచున్నారు, మంచిదే. "టైరుపై 2318 అని యున్నచో అది ఎప్పటిది?" అను ప్రశ్న యొకటి అందు చేర్చిన, పదునెనిమిదేండ్ల పిల్లలు ఇంటికి వెళ్లి మొదట చూచునది తండ్రిగారి బండినే. యాజమాన్యము మార్పుచేయు ఫారములో ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య వ్రాయించుచున్నారు. వానితోపాటు రెండు టైర్ల అంకెలకు రెండు గళ్లు చేర్చినచో కొనువాని కండ్లు వానంతటవే క్రిందికి వంగును.

ఇంకొకటి మిగిలినది, దీనికి ఢిల్లీ అనుమతి అవసరము లేదు. ఈ మధ్య బంధువులయింటికి పోవుచు, ఒక పట్టణమున పట్టుబడిన వాహనములను నిలిపిన ఆవరణము ప్రక్కగా నడచితిని. వందలకొలది మోటారుసైకిళ్లు, ఒకదానిపై ఒకటి వ్రాలి, ముళ్లతుమ్మలు చుట్టుకొని, ఎన్ని వేసవులనుండియో ఎండుచున్నవి. కంచెకు ఆనియున్న ఒకదాని టైరును వంచి చూచితిని. అంకెలు 4113, నెర్రెలలో అగ్గిపుల్ల తల దూరుచున్నది. అట్టి బండ్లు ఒకనాడు వేలమునకు వచ్చును. ఏ రైతుకూలీయో తక్కువ ధరకు పాడుకొని, పంచరు వేయించి, గాలి కొట్టించి, ఆ సాయంకాలమే భార్యాబిడ్డలను ఎక్కించుకొని పోవును. తమ శాఖ స్వాధీనమున నున్న బండ్లను వేలము వేయుటకు ముందు, ఒక గుమాస్తాను సుద్దముక్క చేతికిచ్చి పంపి, ప్రతి బండి టాంకుమీదను దాని రెండు టైర్లు తయారైన సంవత్సరమును పెద్ద అంకెలతో వ్రాయింపగోరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత రసాయనశాస్త్రాధ్యాపకుడు